వైమానికుల వైద్య ధ్రువపత్రం - మధుమేహం వలన కలిగే జాప్యం

ఇన్సులిన్ చరిత్రను, వైమానిక వైద్యశాస్త్ర చరిత్రను వేరువేరు పుస్తకాలలో చదువుకోవడం పరిపాటి. ఆ రెంటికీ చెందిన ఒక శాస్త్రజ్ఞుడు బ్రాంప్టన్‌కు ఉత్తరాన గంటసేపటి ప్రయాణదూరంలో పుట్టాడని తెలిసినవారు తక్కువ. ఆయన ఫ్రెడరిక్ బాంటింగ్. 1891 నవంబరు 14న ఆలిస్టన్ గ్రామంలో ఒక రైతు ఇంట జన్మించాడు. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో బెస్ట్ అనే విద్యార్థి తోడుగా కుక్కల క్లోమగ్రంథిపై ప్రయోగాలు చేశాడు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలునికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. ఆ మందు శుద్ధంగా లేకపోవడంతో ఫలితం అంతంతమాత్రమే అయింది. కాలిప్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు దానిని శుద్ధి చేసిన తరువాత జనవరి 23న మళ్ళీ వేయగా బాలుని రక్తంలో చక్కెర దిగివచ్చింది. అంతవరకు చిన్నపిల్లలకు మరణశాసనంగా ఉన్న వ్యాధి ఆనాటి నుండి మందుతో కాలం గడపగల వ్యాధిగా మారింది. మరుసటి సంవత్సరమే బాంటింగ్‌కు, మెక్లియోడ్‌కు నోబెల్ బహుమతి లభించింది.

అదే బాంటింగ్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కెనడా వైమానిక వైద్య పరిశోధనకు నాయకత్వం వహించాడు. వేగంగా మలుపు తిరిగే విమానంలో రక్తం కాళ్ళలోకి దిగిపోయి పైలట్‌కు స్పృహ తప్పుతుంది. దానిని నివారించడానికి నీరు నింపిన బిగుతు దుస్తులను టొరంటోలో విల్బర్ ఫ్రాంక్స్ రూపొందించినప్పుడు బాంటింగ్ ప్రోత్సాహం ఆయనకు అండగా ఉంది. 1941 ఫిబ్రవరి 20న గాండర్ నుండి ఇంగ్లండుకు బయలుదేరిన హడ్సన్ విమానం న్యూఫౌండ్లాండ్ అడవులలో కూలిపోయింది. అందులో ఉన్న బాంటింగ్ మరునాడు మరణించాడు.

ఆయన ఇచ్చిన ఇన్సులిన్‌తో జీవిస్తున్న మనిషి విమానం నడపవచ్చునా అన్న ప్రశ్నకు ఆయన దేశమే సమాధానం చెప్పడానికి చాలా దశాబ్దాలు పట్టింది. సమాధానం దొరికిన తరువాత కూడా ఆ అర్హతాపత్రం చేతికి రావడానికి నెలలు పడుతున్నది. ఆ నెలలు ఎందుకు పడతాయి, అందులో న్యాయమైన భాగమెంత, తగ్గించుకోగల భాగమెంత అన్నది ఈ వ్యాసంలో ముఖ్యవిషయం.

పరీక్ష ఎవరు చేస్తారు, పత్రం ఎవరు ఇస్తారు

బ్రాంప్టన్ ఇళ్ళమీదుగా పియర్సన్ విమానాశ్రయానికి దిగే విమానాలను చూస్తూ పెరిగే పిల్లలలో ఏ కొందరికో పైలట్ కావాలని బుద్ధి పుట్టడం సహజం. ఊరికి ఉత్తరాన, కాలెడన్ పరిధిలో, 1946లో స్థాపితమైన బ్రాంప్టన్ ఫ్లయింగ్ క్లబ్ ఉంది. దానికి సొంత విమానాశ్రయమే ఉన్నది. కెనడాలో 14 ఏళ్ళు నిండినవారు విద్యార్థి పైలట్ అనుమతికి, 17 ఏళ్ళకు ప్రైవేటు పైలట్ లైసెన్సుకు, 18 ఏళ్ళకు వాణిజ్య లైసెన్సుకు అర్హులు. ప్రైవేటు లైసెన్సుకు కనీసం 45 గంటలు, వాణిజ్య లైసెన్సుకు మొత్తం 200 గంటలు ఎగిరి ఉండాలి. గంటగంటకూ డాలర్లు ఖర్చయ్యే విద్య ఇది. శిక్షకుడు పక్కన ఉన్నంతసేపు వైద్య ధ్రువపత్రం లేకపోయినా పాఠాలు సాగుతాయి. ఒంటరిగా ఎగరవలసిన రోజు వచ్చేసరికి మాత్రం ఆ పత్రం జేబులో ఉండి తీరాలి. చాలా కుటుంబాలు ఇక్కడే పొరబడతాయి. డబ్బు ముందు కట్టి, వైద్య పరీక్ష తరువాత చూసుకొందామనుకొంటాయి.

కెనడా వైద్య ధ్రువపత్రాలలో నాలుగు తరగతులున్నాయి. వాణిజ్య పైలట్లకు, పెద్ద విమానాల పైలట్లకు ఒకటవ తరగతి. విమాన గమనాన్ని నియంత్రించే ఉద్యోగులకు రెండవది. ప్రైవేటు పైలట్లకు మూడవది. వినోదార్థం చిన్న విమానాలు నడిపేవారికి నాలుగవది. మూడవ తరగతి పత్రం నలభై ఏళ్ళలోపు వారికి 60 నెలలు, ఆపైన 24 నెలలు చెల్లుతుంది. ఒకటవ తరగతి పత్రం సాధారణంగా 12 నెలలే. నలభై దాటినవారు ఒంటరి పైలట్‌గా ప్రయాణికులను తీసుకొనిపోయేటప్పుడు అది 6 నెలలకు కుదించుకుపోతుంది.

ఈ పరీక్షను ఇంటి వైద్యుడు చేయడు. కెనడా రవాణాశాఖ నియమించిన వైమానిక వైద్య పరీక్షకుడే చేయాలి. ఆరోగ్యవంతుని పాత పత్రాన్ని ఆ పరీక్షకుడు అక్కడికక్కడే సంతకం చేసి పొడిగించగలడు. మొట్టమొదటి పత్రం మాత్రం ఆయన చేతిలో లేదు. కాగితాలన్నీ రవాణాశాఖ ప్రాంతీయ వైమానిక వైద్యాధికారి కార్యాలయానికి వెళ్ళాలి. దీర్ఘవ్యాధి ఉన్నవారి కాగితాలు పాతవైనా కొత్తవైనా అక్కడికే చేరతాయి. చిక్కుముడి గట్టిదైతే అక్కడి నుండి ఒట్టావాలోని నిపుణుల సమీక్షా మండలికి పోతాయి. మామూలు అభ్యర్థికీ దీర్ఘవ్యాధిగ్రస్తునికీ మధ్య కాలవ్యత్యాసం మొదలయ్యేది ఈ మలుపు దగ్గరే.

చక్కెరకు, ఆకాశానికి ఏమిటి సంబంధం

మెదడు శరీర బరువులో సుమారు 2 శాతమే అయినా శరీరం ఖర్చు చేసే శక్తిలో 20 శాతం దాకా తానే వాడుకొంటుంది. కండరాలవలె, కాలేయంవలె అది చక్కెరను పెద్దగా నిలవ చేసుకోలేదు. రక్తం ఎప్పటికప్పుడు తెచ్చి ఇస్తేనే దానికి పూట గడుస్తుంది. అందువలన రక్తశర్కర మరీ తగ్గితే మొదట దెబ్బ తినేది ఆలోచన. ముందు చెమట, వణుకు, గుండెదడ కనిపిస్తాయి. ఇవి అడ్రినలిన్ చేసే హెచ్చరికలు. ఆ హెచ్చరికలను లెక్కపెట్టకపోతే మాట తడబడడం, అంకెలు తప్పు చదవడం, నిర్ణయం తీసుకోవడంలో మందకొడితనం, చివరకు స్పృహ తప్పడం జరుగుతాయి. ఎత్తు ప్రదేశాలలో ప్రాణవాయువు కొరత వలన కలిగే మైకం కూడా దాదాపు ఇటువంటిదే. తన బుద్ధి మందగించిందని తెలుసుకోవలసిన బుద్ధే మందగించడం ఈ రెంటిలోనూ ఉన్న అసలు ప్రమాదం. పైగా మధుమేహం చాలా ఏళ్ళుగా ఉన్నవారిలో కొందరికి ఆ తొలి హెచ్చరికలే కనిపించడం మానేస్తాయి. వైమానిక వైద్యుడు అన్నిటికంటె ఎక్కువగా భయపడేది దీనికే.

చక్కెర ఎక్కువైనా హాని లేకపోలేదు. చూపు మసకబారుతుంది, దాహం, అలసట వస్తాయి. అయితే అది గంటల మీద జరిగే పని. తగ్గడం నిమిషాల మీద జరిగే పని.

భారతదేశంలో రక్తశర్కరను డెసీలీటరుకు మిల్లీగ్రాములలో చెప్తారు. కెనడాలో లీటరుకు మిల్లీమోల్‌లలో చెప్తారు. కెనడా అంకెను 18తో గుణిస్తే భారతీయ అంకె వస్తుంది. ఇక్కడి 4 అక్కడి 72. ఇక్కడి 7 అక్కడి 126. విజయవాడలో తాతగారి రిపోర్టును, బ్రాంప్టన్‌లో మనుమని రిపోర్టును పక్కపక్కన పెట్టి కంగారు పడే ఇళ్ళకు ఈ ఒక్క గుణకారం ఎంతో మేలు చేస్తుంది.

మందులన్నీ ఒకే రకం ప్రమాదం తేవన్నది కూడా తెలుసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం చాలా అరుదు. క్లోమగ్రంథిని పురికొల్పి ఇన్సులిన్ విడుదల చేయించే గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలకు ఆ ప్రమాదం ఉంది. సూదిగా తీసుకొనే ఇన్సులిన్‌కు ఇంకా ఎక్కువ. కాబట్టి ‘షుగర్ ఉంది’ అన్న రెండు మాటలతో వైద్యాధికారికి పని జరగదు. ఏ రకం, ఏ మందు, ఏ మోతాదు, ఎప్పటి నుండి, చివరిసారి ఎప్పుడు మారింది అన్నవన్నీ కావాలి. మందు మారిన ప్రతిసారి కొంతకాలం గమనించి చూడడం వైద్యన్యాయం. జాప్యంలో ఈ భాగాన్ని తప్పుపట్టడానికి లేదు.

నూటికి ఒకటి అన్న లెక్క

ఎంత ప్రమాదాన్ని సహించవచ్చును అన్న ప్రశ్నకు వైమానిక వైద్యులు ఒక అంకె పెట్టుకొన్నారు. దానికి ‘ఒక శాతం సూత్రం’ అని పేరు. 1980 దశకంలో ముఖ్యంగా బ్రిటన్ హృద్రోగ నిపుణుల చర్చలలో అది రూపుదిద్దుకొన్నది. లెక్క ఇలా సాగుతుంది. పైలట్ అస్వస్థత వలన విమానం కూలే అవకాశం నూరు కోట్ల గంటలకు ఒకటికి మించరాదని మొదట లక్ష్యంగా పెట్టుకొన్నారు. ఇద్దరు పైలట్లున్న విమానంలో ఒకరు కూలబడితే రెండవవారు అందుకొంటారు. అలా అందుకోవడం విఫలమయ్యేది కీలకమైన నిమిషాలలో కూడా నూటికి ఒకసారేనని కృత్రిమ విమానాలలో చేసిన పరీక్షలను బట్టి అంచనా వేశారు. ఎగరడం, దిగడం వంటి కీలకమైన నిమిషాలు మొత్తం ప్రయాణకాలంలో పదవ వంతు. పదవ వంతును నూరవ వంతుతో గుణిస్తే వెయ్యవ వంతు. అంటే ఒక పైలట్ పది లక్షల గంటలకు ఒకసారి అస్వస్థుడైనా లక్ష్యం నెరవేరుతుంది. ఏడాదికి 8,760 గంటలు. దానిని సుమారు పదివేలుగా తీసుకొంటే, ఏడాదిలో అకస్మాత్తుగా అశక్తుడయ్యే అవకాశం నూటికి ఒకటి వచ్చింది.

ఈ లెక్కలో ఇద్దరు పైలట్లున్నారన్న ఊహ ప్రాణం వంటిది. కెనడా ఇన్సులిన్ వాడే వాణిజ్య పైలట్ల పత్రంపై ‘రెండవ పైలట్‌తో గాని, రెండవ పైలట్‌గా గాని’ మాత్రమే నడపాలన్న షరతు రాయడానికి కారణం ఇదే. కొన్ని దేశాలు రెండు శాతం వరకు ఒప్పుకొంటాయి. సూత్రం పాతదే అయినా దానికి బదులుగా మరొకటి ఇంతవరకు గట్టిగా నిలవలేదు.

తలుపు తెరుచుకొన్న తీరు

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మూల ప్రమాణం ఇన్సులిన్ వాడేవారిని అనర్హులుగానే పేర్కొంటుంది. అయితే నిపుణులు పరిశీలించి భద్రతకు భంగం లేదని తేలిస్తే సడలించుకోవచ్చునని ఆ నియమావళిలోనే ఒక వెసులుబాటు ఉంది. కెనడా విమానయాన నిబంధనలలోనూ అటువంటిదే ఉంది. ప్రజాహితానికి విరుద్ధం కాక, భద్రతకు చేటు లేకపోతే, ప్రమాణానికి సరితూగని వ్యక్తికి కూడా మంత్రి ధ్రువపత్రం ఇవ్వవచ్చును.

ఈ వెసులుబాటును అమెరికా 1996లో ప్రైవేటు పైలట్లకు వర్తింపజేసింది. ఎగరడానికి ముందు అరగంటలోపు రక్తశర్కర చూసుకోవాలి, అది 100కు 300కు మధ్య ఉండాలి, ఆకాశంలో గంటకొకసారి, దిగడానికి అరగంట ముందు మళ్ళీ చూసుకోవాలి అని షరతులు పెట్టింది. విమానం కుదుపుల వలన పరీక్ష చేసుకోలేని గంటలో 10 గ్రాముల చక్కెర తినాలి. చేతిలో పటిక బెల్లం ముక్క పెట్టుకొని తిరిగిన మన పాతకాలపు మధుమేహ రోగుల జాగ్రత్త ఇటువంటిదే. 1989లో మధుమేహం బయటపడి బ్రిటిష్ వాయుసేనలో ఎగిరే ఉద్యోగం పోగొట్టుకొన్న డగ్లస్ కెయిర్న్స్ అనే పైలట్ ఈ అమెరికా అనుమతితోనే 2002-2003లో చిన్న విమానంలో భూగోళం చుట్టివచ్చాడు.

ఇన్సులిన్ వాడే వాణిజ్య పైలట్లను ఒక్కొక్కరిగా పరిశీలించి అనుమతించడం కెనడాలో 2002లో మొదలయింది. బ్రిటన్ 2012లో, తరువాత ఐర్లండ్, ఆస్ట్రియా అదే దారి పట్టాయి. బ్రిటన్ పద్ధతి దీపాల రంగులను పోలినది. కెనడా కొలతలో 5 నుండి 15 వరకు ఆకుపచ్చ. 4 నుండి 5 లోపు, 15 దాటి 20 వరకు పసుపు. 4కు తగ్గినా 20కి మించినా ఎరుపు. ఎరుపు వస్తే విమానాన్ని పక్కవారికి అప్పగించాలి.

ఈ మూడు దేశాలలో ఏడున్నర సంవత్సరాలపాటు 49 మంది పైలట్లను గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 22,078 గంటల ప్రయాణంలో వారు 38,621 సార్లు రక్తశర్కర చూసుకొన్నారు. అందులో 97.69 శాతం ఆకుపచ్చలోనే ఉన్నది. తక్కువ వైపు ఎరుపులోకి వెళ్ళినవి 48, ఎక్కువ వైపు 6. ఒక్క పైలట్ కూడా విధినిర్వహణలో అశక్తుడు కాలేదు. ఆ సంవత్సరం నవంబరులోనే అమెరికా కూడా, చర్మం కింద ఉండి నిరంతరం చక్కెర కొలిచే పరికరం వాడాలన్న షరతుతో వాణిజ్య పైలట్లకు అనుమతి ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో మొదటి పత్రం జారీ అయింది.

49 మంది అన్నది పెద్ద సంఖ్య కాదని ఎవరైనా అనవచ్చును. ఎంపికైనవారంతా అతి జాగ్రత్తపరులన్నది కూడా నిజమే. కాని నిషేధాన్ని సమర్థించిన పక్షం ఇంతపాటి లెక్క కూడా ఎన్నడూ చూపలేదు.

కాగితం ఎక్కడ ఆగుతుంది

ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఒక తెలుగు కుర్రవానిని ఊహించుకొందాం. పన్నెండేళ్ళకు మొదటి రకం మధుమేహం వచ్చింది, పద్దెనిమిదేళ్ళకు వాణిజ్య పైలట్ శిక్షణకు పోదలచాడు. వైమానిక వైద్య పరీక్షకుడు అతనిని చూసి కాగితాలు ప్రాంతీయ కార్యాలయానికి పంపుతాడు. కొన్ని వారాలకు అక్కడి నుండి ఒక లేఖ వస్తుంది. అంతఃస్రావ గ్రంథుల నిపుణుని నివేదిక, కంటి వైద్యుని నివేదిక, నడక యంత్రంపై గుండె పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, గత కొన్ని నెలల రక్తశర్కర పట్టిక కావాలని అందులో ఉంటుంది. అంటారియోలో నిపుణుని చూడాలంటే ఇంటి వైద్యుడు చీటీ రాయాలి. ఆ చీటీ మీద తేదీ రావడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు. నిపుణుడు చూస్తాడు, రిపోర్టు టైపవుతుంది, దానిలో ‘ఆరోగ్యం నిలకడగా ఉంది’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. కార్యాలయానికి కావలసింది ఆ వాక్యం కాదు. గత ఏడాదిలో ఇతరుల సహాయం అవసరమైనంతగా చక్కెర ఎప్పుడైనా పడిపోయిందా, హెచ్చరికలు తెలుస్తున్నాయా అన్న ప్రశ్నలకు సమాధానం. మళ్ళీ లేఖ. మళ్ళీ తేదీ.

ఈలోగా మరొక చిక్కు వస్తుంది. మధుమేహం అదుపును తెలిపే ఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాలకు అంటుకొన్న చక్కెరను కొలుస్తుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుచేత ఆ పరీక్ష గడచిన రెండు మూడు నెలల కథ మాత్రమే చెప్తుంది. జనవరిలో చేయించిన పరీక్ష మే నెలలో ఫైలు తెరిచేసరికి పాతబడిపోతుంది. వైద్యాధికారి కొత్తది అడగడం శాస్త్రసమ్మతమే. ఐతే ఆ కొత్తది వచ్చేసరికి కంటి రిపోర్టు పాతబడవచ్చును. రక్తహీనత, తలసీమియా లక్షణం వంటివి ఉన్నవారిలో ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చును కూడా. అవి మన కుటుంబాలలో అరుదు కావు గనుక ముందే చెప్పుకోవడం మంచిది.

ఇక కార్యాలయపు జాప్యం. దీనిని బద్ధకమని కొట్టిపారేయడం సులభం. వరుసల గణితం వేరే సంగతి చెప్తుంది. ఒక్క కిటికీ ఉన్న కార్యాలయంలో రోజుకు సగటున 10 ఫైళ్ళు చూడగలరనుకొందాం. ఫైళ్ళు వచ్చే వేళలు, ఒక్కొక్కదానికి పట్టే సమయం క్రమం లేకుండా ఉంటాయి. రోజుకు 8 వస్తే ఒక్కొక్క ఫైలు సగటున అరరోజులో బయటపడుతుంది. 9 వస్తే ఒక రోజు. తొమ్మిదిన్నర వస్తే రెండు రోజులు. 9.9 వస్తే పది రోజులు. రాక నాలుగింట ఒక వంతు కూడా పెరగలేదు, నిరీక్షణ మాత్రం ఇరవై రెట్లయింది. 10 దాటితే వరుసకు ఇక అంతమే లేదు. సెలవురోజున తిరుమల క్యూలో నిలబడినవారికి ఈ సూత్రం కాళ్ళతోనే బోధపడి ఉంటుంది. ఒక్క వైద్యాధికారి పదవీవిరమణ చేసి ఆ స్థానం ఖాళీగా ఉంటే చాలు, వారాలు నెలలవుతాయి. 2020లో కోవిడ్ వలన పరీక్షలు ఆగిపోయి, గడువు ముగిసిన పత్రాలకు తాత్కాలిక మినహాయింపులు ఇవ్వవలసివచ్చింది. అలా వాయిదాపడిన పరీక్షలు తరువాత ఒక్కసారిగా వచ్చిపడితే కిటికీ దగ్గర ఏమవుతుందో పై లెక్కే చెప్తుంది.

అభ్యర్థి ఆ కిటికీని వెడల్పు చేయలేడు. తన ఫైలు అక్కడికి రెండుసార్లు వెళ్ళకుండా మాత్రం చూసుకోగలడు. నిపుణుని తేదీకి 8 వారాలు, గుండె పరీక్షకు 6, కంటికి 4 పడతాయనుకొంటే, ఒకటి అయిన తరువాత ఒకటి మొదలుపెడితే 18 వారాలు. ముగ్గురికీ ఒకేరోజు చీటీలు రాయించుకొంటే 8 వారాలు. రవాణాశాఖ పరీక్షకుల కోసం ప్రచురించిన మార్గదర్శక గ్రంథంలో మధుమేహానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. దానిని ముందే ముద్రించుకొని నిపుణుని చేతిలో పెడితే, ఆయన ఆ ప్రశ్నలకే వరుసగా సమాధానాలు రాస్తాడు. రక్తపరీక్షను మాత్రం మొదట కాక చివర చేయించుకోవాలి. ప్రైవేటు లైసెన్సుతో మొదలుపెట్టినా, వాణిజ్య లైసెన్సే గమ్యమైతే ఒకటవ తరగతి పరీక్షనే ముందు అడగాలి. వేల డాలర్లు ఖర్చయిన తరువాత పై తరగతి రాదని తెలియడంకంటె మొదటి నెలలో తెలియడం మేలు. ఎదురుచూసే కాలంలో తరగతిగది పాఠాలు, రేడియో పరీక్ష, శిక్షకునితో కలిసి ఎగరడం సాగించుకోవచ్చును.

దాచిపెట్టడం అనే పక్కదారి

ఇంతకాలం ఎదురుచూడవలసివస్తుందని తెలిసినప్పుడు మనిషికి ఒక దుర్బుద్ధి పుడుతుంది. చెప్పకపోతే పోలేదా అని. తెలుగు ఇళ్ళలో ఈ బుద్ధికి పాత అలవాటు కూడా తోడవుతుంది. సంబంధాలు చూసే వయసులో పిల్లకో పిల్లవానికో సూదిమందు సంగతి బయటకు పొక్కకుండా జాగ్రత్తపడిన తల్లిదండ్రులు, ప్రభుత్వ ఫారంలోనూ అదే జాగ్రత్త పాటించమంటారు. పెళ్ళిచూపులలో దాచడమే తప్పు. ఇక్కడ అది నేరం కూడా.

కెనడా విమానయాన చట్టం 6.5వ విభాగం ఈ విషయంలో చాలామందికి తెలియని మాట చెప్తుంది. పైలట్ ధ్రువపత్రం ఉన్న వ్యక్తి ఏ వైద్యుని దగ్గరకు పోయినా పరీక్షకు ముందే తాను పైలట్‌నని చెప్పాలి. భద్రతకు ముప్పు కాగల జబ్బు కనిపిస్తే ఆ వైద్యుడు రవాణాశాఖకు తెలపాలి. ఇది ఇంటి వైద్యునికీ కంటి వైద్యునికీ కూడా వర్తిస్తుంది. చట్టం ఉద్దేశం మంచిదే. కాని దానివలన పైలట్లు వైద్యుని గడపే తొక్కడం మానేస్తారన్న ఆక్షేపణ ఉంది. అది తేలికగా తీసివేయదగినది కాదు. 2015 మార్చి 24న ఆల్ప్స్ పర్వతాలలో జర్మన్‌వింగ్స్ విమానాన్ని దాని రెండవ పైలట్ కావాలని కూల్చి 150 మంది ప్రాణాలు తీసినప్పుడు, అతడు తన మానసిక వ్యాధిని యజమానుల దగ్గర దాచాడని బయటపడింది. అది మధుమేహం కాదు. ఉద్యోగం పోతుందన్న భయం వ్యాధిని చీకటిలోకి నెట్టడం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఇంతకంటె కనిపించని నష్టం మరొకటి ఉంది. రెండవ రకం మధుమేహం ఉన్న పైలట్‌కు మాత్రలు చాలనప్పుడు వైద్యుడు ఇన్సులిన్ మొదలుపెడదామంటాడు. పత్రం ఆగిపోతుందని, నెలల జీతం పోతుందని ఆ మనిషి మరో ఆరునెలలు, మరో ఏడాది అంటూ వాయిదా వేస్తాడు. ఆ వాయిదా ఖర్చు కంటి రెటీనా చెల్లిస్తుంది, మూత్రపిండాలు చెల్లిస్తాయి. దక్షిణాసియా వారికి ఈ వ్యాధి తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే వస్తుంది. దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువగా ఉన్న పీల్ ప్రాంతంలో ఈ వ్యాధి తీరును వివరిస్తూ 2014లో టొరంటో పరిశోధకులు ఒక పటాల గ్రంథమే ప్రచురించారు. కాబట్టి బ్రాంప్టన్ తెలుగువారికి ఇది ఏ ఒక్కరి ఇంటి సంగతో కాదు.

పరికరాలు, ఎత్తు

నిరంతరం కొలిచే పరికరాలు, ఇన్సులిన్ పంపులు ఈ వ్యవహారాన్ని సులభం చేస్తున్నాయి. వేలు గుచ్చుకొని చూసిన అంకె ఒక ఛాయాచిత్రమైతే, ఈ పరికరం ఇచ్చేది చలనచిత్రం. చక్కెర ఇప్పుడెంత అన్నదే కాక ఎటు పోతున్నదో కూడా చెప్తుంది. ఆరునెలల అంకెలను వైద్యాధికారి ముందు పెట్టగలగడం వలన ‘నిలకడగా ఉంది’ అన్న మాటకు సాక్ష్యం దొరుకుతుంది. కాని ఆకాశంలో వాటికీ కొన్ని ఇబ్బందులున్నాయి. గాలి పీడనం తగ్గేకొద్దీ పంపులోని బుడగలు ఉబ్బి, అడగని ఇన్సులిన్‌ను బయటకు నెడతాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో చూపించారు. ప్రయాణికుల విమానం పైకెక్కేటప్పుడు ఆ అదనపు మోతాదు సుమారు ఒక యూనిట్ ఉండవచ్చును. పెద్దవారికి అది స్వల్పమే, చిన్నపిల్లలకు కాదు. పంపు పెట్టుకొని వేసవి సెలవులకు హైదరాబాదు ప్రయాణమయ్యే పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతిని వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి.

నిరాకరిస్తే

అన్ని కాగితాలు ఇచ్చిన తరువాత కూడా రవాణాశాఖ కాదనవచ్చును. అప్పుడు ఆ లేఖలో కారణాలతోపాటు ఒక గడువుతేదీ ఉంటుంది. సాధారణంగా అది 30 రోజులు. ఆలోగా కెనడా రవాణా అప్పీలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. పూర్వం పౌర విమానయాన ట్రిబ్యునల్ ఉండేది, 2003 నుండి దాని స్థానంలో ఇది పనిచేస్తున్నది. మొదట ఒక సభ్యుడు వింటాడు. ఆ తీర్పు నచ్చకపోతే ముగ్గురు సభ్యుల బృందం ముందుకు పోవచ్చును. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చును. తన నిపుణుని సాక్షిగా పిలుచుకోవచ్చును. ఎదుటిపక్షం వైద్యాధికారిని ప్రశ్నించవచ్చును.

అయితే వైద్య ధ్రువపత్రం విషయంలో ట్రిబ్యునల్‌కు ఉన్న అధికారం పరిమితమైనది. మంత్రి నిర్ణయాన్ని ఖాయం చేయవచ్చును, లేదా పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చును. ధ్రువపత్రాన్ని తానుగా ఇవ్వలేదు. అభ్యర్థి గెలిచినా అతని ఫైలు తిరిగి వెళ్ళేది మొదట నిరాకరించిన శాఖకే. అక్కడ దానిని తెరిచేనాటికి జతపరచిన ఏ1సీ పరీక్షకు మూడు నెలలు దాటకుండా చూసుకోవడం అప్పుడు కూడా అభ్యర్థి పనే.